పరాయి యింట్లో రోబోకాప్

వీడియో ఆటల గూర్చి కాలేజీ సంచికలో వ్యాసమేమిటని ముక్కు మీద వేలు వేసుకునేవారు ఉంటారు. సినిమా మీద, నాటకం మీద, క్రికెట్టు మీద మన సంచికల్లో వ్యాసాలు వస్తున్నప్పుడు, హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక సగం గదుల్లో ఆడే ఆట మీద ఒకటి వస్తే తప్పేమీ లేదని నా అభిప్రాయం. పైగా నేను ఏ ఆటనూ పొగడబోవడం లేదు. నాకు ససేమిరా గిట్టని ఒక ఆటలోకి, నాకు ఎంతో ఇష్టమైన ఒక పాత్ర వచ్చి చేరింది. అది చూసినప్పటి నుంచి ఆ ఆటను మనసారా తిట్టుకోలేకపోతున్నాను. మెచ్చుకోనూ లేకపోతున్నాను. ఇలా ఎందుకు జరుగుతుంది? ఒక కథలో పుట్టిన పాత్రను తీసుకుపోయి ఇంకొక చోట నిలబెడితే, ఆ పాత్రలో ఏది మిగులుతుంది, ఏది పోతుంది? ఈ వ్యాసంలో విచారించదలచింది ఇదే.

ఆట పేరు మోర్టల్ కోంబాట్. పాత్ర పేరు రోబోకాప్.

ఫైటింగ్ గేమ్ అనగానేమి?

తెలియనివారి కోసం ముందు ఆట సంగతి చెబుతాను. తెర మీద ఇద్దరు యోధులు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరిని మీరు ఆడిస్తారు, ఇంకొకరిని మీ మిత్రుడు ఆడిస్తాడు. పైన ఇద్దరికీ చెరొక ప్రాణపు పట్టీ ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడల్లా ఆ పట్టీ తరుగుతుంది. ఎవరిది ముందుగా అయిపోతే వారు ఆ రౌండు ఓడినట్టు. మూడింట రెండు రౌండ్లు గెలిచినవాడు విజేత. చెప్పుకోడానికి ఇంతే.

లోపల జరిగేది మాత్రం లెక్కల వ్యవహారం. సినిమా రీలు సెకనుకు 24 బొమ్మలు చూపిస్తే, ఈ ఆటలు సెకనుకు 60 బొమ్మలు చూపిస్తాయి. ఒక్కొక్క బొమ్మను ఫ్రేము అంటారు. ఆటలోని ప్రతి దెబ్బకూ మూడు భాగాలుంటాయి. చెయ్యి లేవడానికి పట్టే ఫ్రేములు, దెబ్బ తగలగలిగే ఫ్రేములు, చెయ్యి వెనక్కు వచ్చే ఫ్రేములు. ఉదాహరణకు ఒక గుద్దు 7వ ఫ్రేములో తగులుతుందనుకోండి. అనగా అది మొదలైన సుమారు 0.12 సెకనులో తగులుతుంది. మనిషి కంటితో చూసి చేత్తో స్పందించడానికి సుమారు 0.20 నుంచి 0.25 సెకను పడుతుంది. అంటే 12 నుంచి 15 ఫ్రేములు. కాబట్టి ఆ గుద్దును చూసి ఆపడం మానవమాత్రుడి వల్ల కాదు. ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో ముందే ఊహించాలి. చదరంగంలో ఎత్తు ఊహించినట్టే గాని, ఇక్కడ ఆలోచనకు వ్యవధి ఉండదు. చూసేవారికి మీటలు టకటకా నొక్కడంలా కనిపించే ఈ ఆటలో ఇంత బుద్ధి దాగి ఉంది. ఫైటింగ్ గేముల మీద నాకున్న గౌరవం ఇందుకే.

మోర్టల్ కోంబాట్ పుట్టుక

1991లో జపాను కంపెనీ క్యాప్‌కామ్ విడుదల చేసిన స్ట్రీట్ ఫైటర్ రెండవ భాగం ప్రపంచమంతటా ఆర్కేడ్లను నింపేసింది. దానికి పోటీగా 1992లో అమెరికాలోని షికాగో నగరం నుంచి మిడ్‌వే కంపెనీ మోర్టల్ కోంబాట్‌ను తెచ్చింది. ఎడ్ బూన్ ప్రోగ్రామర్, జాన్ టోబియాస్ చిత్రకారుడు. మొదట చేసింది మొత్తం నలుగురే. బొమ్మలు గీయడానికి బదులు నిజమైన నటులను వీడియో తీసి, ఆ చిత్రాలను కంప్యూటరులోకి ఎక్కించారు. అందుచేత తెర మీద కొట్టుకునేవారు కార్టూనుల్లా కాక మనుషుల్లా కనిపించారు.

ఇక్కడొక ముచ్చట ఉంది. వాళ్ళు మొదట అనుకున్నది హాలీవుడ్ నటుడు జాన్‌క్లాడ్ వాన్‌డామ్‌ను పెట్టి ఆట చేయాలని. అది కుదరలేదు. అప్పుడు జానీ కేజ్ అనే సినిమా నటుడి పాత్రను కల్పించారు. వాన్‌డామ్ పేరులోని మొదటి అక్షరాలూ, కేజ్ పేరులోని అక్షరాలూ ఒకటే. 1988లో వచ్చిన బ్లడ్‌స్పోర్ట్ సినిమాలో వాన్‌డామ్ కాళ్ళు చాపి కూర్చుని కొట్టే దెబ్బ కూడా కేజ్‌కు వచ్చేసింది. 31 సంవత్సరాల తర్వాత, 2023లో వచ్చిన ఆటలో, ఆ జానీ కేజ్‌కే వాన్‌డామ్ అసలు ముఖాన్నీ గొంతునూ తెచ్చి తొడిగారు. అంటే అతిథిని పిలవాలన్న కోరిక ఈ ఆటకు పుట్టుకతో వచ్చిందన్నమాట.

అయితే ఈ ఆటకు పేరు తెచ్చింది ఆ నటులు కారు. దాని పేరు ఫేటాలిటీ. రెండు రౌండ్లు గెలిచాక ఓడినవాడు తూలుతూ నిలబడి ఉంటాడు. 'వాణ్ణి ముగించెయ్' అని ఒక గంభీరమైన గొంతు ఇంగ్లీషులో ఆజ్ఞ ఇస్తుంది. అప్పుడు గెలిచినవాడు ఒక రహస్య క్రమంలో మీటలు నొక్కితే, ఓడినవాడి తల తెగుతుంది, గుండె బయటకు వస్తుంది. ఆ రోజుల్లో ఈ రహస్య క్రమాలు ఆర్కేడ్లలో ఒకరి నోట ఒకరికి పాకేవి. ఈ ఆలోచన ఎలా వచ్చిందో బూన్ చెప్పాడు. స్ట్రీట్ ఫైటర్‌లో మధ్యలో కళ్ళు తిరిగి నిలబడిపోయినవాణ్ణి ఎదుటివాడు ఉచితంగా కొట్టవచ్చు. కొట్టేవాడికి అది సరదా, పడేవాడికి కడుపుమంట. అందుకని ఆ ఘట్టాన్ని పోరు మధ్య నుంచి తీసి, ఫలితం తేలిపోయాక చివర పెట్టారు. ఆట నడక దృష్ట్యా అది తెలివైన మార్పే.

ఆపైన జరిగింది చరిత్ర. 1993 సెప్టెంబరులో ఆట ఇళ్ళలోకి వచ్చింది. నింటెండో యంత్రం మీద రక్తాన్ని తీసేసి బూడిదరంగు చెమట పెట్టారు. సేగా యంత్రం మీద ఒక రహస్య సంకేతం నొక్కితే రక్తం వచ్చేది. సేగా వారిదే ఎక్కువ అమ్ముడుపోయింది. ఆ డిసెంబరు 9న అమెరికా సెనేటులో జోసెఫ్ లీబర్‌మన్, హెర్బ్ కోల్ ఈ తరహా ఆటల మీద విచారణ జరిపారు. ఫలితంగా 1994లో ఆటలకు వయసును బట్టి ముద్ర వేసే సంస్థ ఏర్పడింది. ఒక రకంగా మన సినిమాల 'ఎ' సర్టిఫికెట్టు వంటిదే.

నాకెందుకు గిట్టదు?

రక్తం చూస్తే కళ్ళు తిరిగే రకం కాదు నేను. మాది వ్యవసాయ కుటుంబం. పండక్కి పొట్టేలును కోయడం చూశాను. గేదెకు దూడ అడ్డం తిరిగితే మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగినవారి పక్కన లాంతరు పట్టుకుని నిలబడ్డాను. అక్కడ రక్తానికి ఒక పని ఉంటుంది. కోసేవాడు కూడా ఒక్క వేటుకు పోయేట్టు కత్తి నూరుకుంటాడు. జీవి బాధపడకూడదని మా తాతయ్య కేకలేసేవాడు.

మోర్టల్ కోంబాట్‌లో దీనికి తలకిందులు. ఆట అయిపోయింది. గెలుపు ఓటమి తేలిపోయాయి. ఓడినవాడు చెయ్యి కూడా ఎత్తలేడు. అప్పుడు మొదలవుతుంది చావు. ఆ చావు ఎంత నెమ్మదిగా, ఎంత దగ్గరగా చూపిస్తే అంత గొప్ప. కొత్త భాగం వచ్చినప్పుడల్లా ఎముక ఎలా విరిగేదీ, కండ ఎలా చీలేదీ ఇంకా స్పష్టంగా చూపించడమే ఒక ఆకర్షణ అయింది. 2019లో 11వ భాగం వచ్చినప్పుడు, దాని తయారీలో పనిచేసిన ఒకరు పేరు చెప్పకుండా ఒక పత్రికతో మాట్లాడారు. పని కోసం రోజూ నిజమైన దారుణ చిత్రాలు చూడవలసి రావడంతో నిద్రలో పీడకలలు పట్టుకున్నాయనీ, చివరకు మానసిక చికిత్స చేసే వైద్యుణ్ణి ఆశ్రయించవలసి వచ్చిందనీ చెప్పారు. తెర మీద బొమ్మే గదా అని మనం అంటాం. ఆ బొమ్మను గీసిన మనిషి బొమ్మ కాదు గదా!

ఇదీ నా అయిష్టం. ఇప్పుడు ఇష్టం సంగతికి వద్దాం.

రోబోకాప్ ఎవరు?

1987లో పాల్ వెర్‌హోవెన్ అనే డచ్చి దర్శకుడు అమెరికాలో తీసిన చిత్రం రోబోకాప్. కథను ఎడ్వర్డ్ న్యూమైర్, మైకేల్ మైనర్ వ్రాశారు. రాబోయే కాలంలోని డెట్రాయిట్ నగరం. ఒకప్పుడు మోటారు కార్లకు పుట్టిల్లు అయిన ఆ ఊరు దివాలా తీసింది. పోలీసు శాఖను కూడా ఓసీపీ అనే ఒక కంపెనీ నడుపుతోంది. అలెక్స్ మర్ఫీ అనే పోలీసును బాడికర్ అనేవాడి ముఠా పట్టుకుని, ముందు చెయ్యి, తర్వాత ఒళ్ళంతా తుపాకులతో తూట్లు పొడిచి చంపుతుంది. ఆ శవాన్ని కంపెనీ తీసుకుని, ఇనుప శరీరం తొడిగి, జ్ఞాపకాలు తుడిచి, యంత్రపు పోలీసుగా లేపి నిలబెడుతుంది.

ఆ యంత్రానికి మూడు ఆదేశాలు ఉంటాయి. ప్రజల నమ్మకాన్ని నిలుపు, అమాయకులను కాపాడు, చట్టాన్ని అమలు చెయ్యి. నాలుగవది రహస్యం. కంపెనీ పెద్ద అధికారి ఎవరినైనా అరెస్టు చేయబోతే యంత్రం తనంతట తనే ఆగిపోతుంది. ఆ నాలుగవ ఆదేశంలోనే సినిమా వ్యంగ్యం అంతా ఉంది. చట్టం అందరికీ సమానమే, చట్టాన్ని కొనుక్కున్నవాడికి తప్ప.

రోబోకాప్‌గా నటించినవాడు పీటర్ వెల్లర్. ఆ బరువైన కవచంలో ఎలా కదలాలో మోనీ యాకిమ్ అనే మూకాభినయ గురువు దగ్గర సాధన చేశాడు. ముందు తల తిరుగుతుంది, తర్వాత ఒళ్ళు తిరుగుతుంది. ముఖంలో నోరు, గడ్డం మాత్రమే కనిపిస్తాయి. ఆ కాస్త చోటుతోనే, లోపల మనిషి మిగిలి ఉన్నాడని మనకు నమ్మకం కలిగిస్తాడు. తొడలోంచి పిస్తోలు తీసి వేలితో గిరగిరా తిప్పి మళ్ళీ లోపల పెట్టడం అతని అలవాటు. మర్ఫీగా బతికి ఉన్నప్పుడు, టీవీలో ఒక హీరో అలా తిప్పడం చూసి ముచ్చటపడే తన చిన్న కొడుకు కోసం ఆ విద్య నేర్చుకున్నాడు. జ్ఞాపకాలు తుడిచేసిన తర్వాత కూడా చేతికి అది గుర్తుంది. ఆ చేతిని చూసే అతని తోటి పోలీసు అతన్ని గుర్తు పడుతుంది. ఈ చిన్న సంగతి దగ్గర నాకు కళ్ళు చెమర్చాయని చెప్పడానికి నేను సిగ్గుపడను.

ఇది సాధు చిత్రమేమీ కాదు. మొదట అమెరికా సెన్సారు వారు దీనికి ఎక్స్ ముద్ర వేస్తే, దర్శకుడు పదేపదే కత్తిరించి మళ్ళీ మళ్ళీ చూపించవలసి వచ్చింది. విచిత్రమేమంటే, ఇంత నెత్తుటి సినిమాను మరుసటి యేడే, 1988లో, పిల్లల కార్టూను ధారావాహికగా చేసి టీవీలో వేశారు! ఈ పాత్ర సొంత కథను దాటి అమ్ముడుపోవడం ఆనాడే మొదలైంది.

అతిథుల వరస

మిడ్‌వే కంపెనీ 2009లో దివాలా తీసింది. అదే సంవత్సరం వార్నర్ బ్రదర్స్ వారు సుమారు 3.3 కోట్ల డాలర్లకు దాని ఆస్తులు కొన్నారు. మోర్టల్ కోంబాట్ జట్టు నెదర్‌రెల్మ్ స్టూడియోస్ అయింది. అక్కడి నుంచి పరాయి కథల పాత్రలు వరసకట్టాయి. 2011 భాగంలో క్రేటోస్, ఫ్రెడ్డీ క్రూగర్. 2015 భాగంలో జేసన్, ప్రెడేటర్, ఏలియన్. 2019 నాటి 11వ భాగంలో టెర్మినేటర్, జోకర్, స్పాన్, రాంబో, వీరితోబాటు మన రోబోకాప్. ఈ అతిథుల్లో చాలామందిని ఆట కొన్నాక మళ్ళీ వేరే డబ్బు కట్టి తెచ్చుకోవాలి. రోబోకాప్ 2020 మే 26న, ఆఫ్టర్‌మాత్ అనే అదనపు భాగంతో వచ్చాడు. ఇంకో ఇద్దరు యోధులు, కొంత కథ కలిపి అప్పటి ధర సుమారు 40 డాలర్లు.

పాత్రలు ఒక కథలోంచి ఇంకొక కథలోకి పోవడమే తప్పని నేను అనను. మన తోలుబొమ్మలాట చూడండి. కేతిగాడు, బంగారక్క ఏ పురాణంలోనూ లేరు. అయినా రామాయణం ఆడుతుంటే రామాయణంలోకి, భారతం ఆడుతుంటే భారతంలోకి తోసుకుని వచ్చేస్తారు. జనం వాళ్ళ కోసమే తెల్లవార్లూ మేలుకుంటారు. అయితే ఎక్కడికి వచ్చినా కేతిగాడు కేతిగాడే. రావణుడి సభలోకి వచ్చినా తన వెకిలి మాటే మాట్లాడతాడు. తన స్వభావం తనతో తెచ్చుకుంటాడు. అతిథికి నేను పెట్టే పరీక్ష ఇదే.

ఈ పరీక్షకు ఫ్రెడ్డీ, జేసన్, ప్రెడేటర్ వంటివారు నిలుస్తారు. వాళ్ళు సొంత సినిమాల్లో చేసేదే చంపడం. ఇక్కడా అదే చేస్తారు. వాళ్ళకు ఈ ఇల్లు పరాయిదేమీ కాదు. రోబోకాప్ మాట వేరు.

సినిమా నుంచి అంకెల్లోకి

న్యాయంగా చెప్పాలంటే, నెదర్‌రెల్మ్ వారు రోబోకాప్‌ను శ్రద్ధగా చేశారు. టెర్మినేటర్‌కు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ ముఖం పెట్టి గొంతు ఇంకొకరిచేత చెప్పించారు గాని, రోబోకాప్‌కు పీటర్ వెల్లర్ ముఖాన్నీ, గొంతునూ రెండింటినీ తెచ్చారు. సినిమా వచ్చిన 33 సంవత్సరాలకు, 72 ఏళ్ళ వయసులో, ఆయన మళ్ళీ ఆ మాటలు పలికాడు. ఈ మధ్యలో ఆయన ఇటలీ పునర్వికాస కాలపు చిత్రకళ మీద పరిశోధన చేసి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు కూడా పొందాడు. మన లెక్చరర్లకు ఈ ముక్క నచ్చుతుందని చెబుతున్నాను.

సినిమాలోని గుణాలను ఫ్రేముల భాషలోకి మార్చడం ఒక అనువాదం వంటిది. బరువైనవాడు కాబట్టి మెల్లగా నడుస్తాడు. తుపాకి ఉంది కాబట్టి దూరం నుంచి పోరాడతాడు. గాలిలో పల్టీలు కొట్టే నింజాల మధ్య ఇనుప బీరువాలా నిలబడి, అడుగులో అడుగు వేసుకుంటూ ముందుకు వస్తాడు. అతన్ని ఆడించేవాడు తొందరపడకూడదు. ఎదుటివాణ్ణి దూరంగా నిలిపి, దగ్గరకు రావడానికి వాడు చేసే తప్పు కోసం కాచుకోవాలి. ఓర్పుతో ఊహించే ఆట ఇది. మా హాస్టల్లో ఈ ఆట ఆడవలసి వస్తే నేను అతన్నే తీసుకుంటాను. పోరుకు ముందు యోధులు ఒకరితో ఒకరు రెండు మూడు మాటలు అనుకుంటారు. దేవతలతో, రాక్షసులతో కూడా అతను పోలీసు భాషలోనే మాట్లాడతాడు. అది వింటే ఎవరికైనా నవ్వు వస్తుంది.

ఇంతవరకు అనువాదం బాగా కుదిరింది. రూపం వచ్చింది, నడక వచ్చింది, గొంతు వచ్చింది. పిస్తోలు వచ్చింది. కొడుకు రాలేదు. ఆ మూడు ఆదేశాలూ రాలేదు. ఎన్ని ఫ్రేములు లెక్కపెట్టినా వాటికి అంకె లేదు మరి.

ముగించెయ్ అన్నప్పుడు

సినిమాలో ఒక ఘట్టం ఉంది. రోబోకాప్ మత్తుమందు కర్మాగారంలోకి జొరబడి బాడికర్‌ను పట్టుకుంటాడు. వీడే తనను చంపినవాడు. ఒక చేత్తో ఎత్తి అద్దాలు పగిలేట్టు విసురుతూ, ఆ విసురుకూ విసురుకూ మధ్య అమెరికా చట్టం ప్రకారం అరెస్టయినవాడికి ఉండే హక్కులను వల్లిస్తూ ఉంటాడు. చివరకు గొంతు పట్టుకుంటాడు. ఒక్క నొక్కు చాలు. బాడికర్ ఒళ్ళంతా రక్తంతో, నువ్వు పోలీసువి గదా అని బతిమాలుతాడు. రోబోకాప్ కళ్ళ ముందు మూడవ ఆదేశం మెరుస్తుంది. చట్టాన్ని అమలు చెయ్యి. చెయ్యి వదులుతాడు. అరెస్టు చేసి తీసుకుపోతాడు.

మిత్రులారా, మోర్టల్ కోంబాట్ చివరి క్షణం సరిగ్గా ఇదే గదా! ఓడి తూలుతున్న శత్రువు, గెలిచి నిలబడ్డవాడు, మధ్యలో ఒక నిమిషపు నిశ్శబ్దం. సినిమాలో ఆ క్షణంలో చెయ్యి వదిలినందుకే మర్ఫీ మనిషయ్యాడు. ఆటలో అదే క్షణంలో, అదే ఇనుప చేత్తో, అతను ఓడినవాణ్ణి ఛిద్రం చేస్తాడు. అందుకు వెల్లర్ గొంతు కూడా తోడు. మొదటిసారి ఆ ఫేటాలిటీ చూసినప్పుడు నాకు కోపం రాలేదు, ఎందుకో దిగులేసింది.

దీనికి నా గదిమిత్రుడు అడ్డు ప్రశ్న వేశాడు. ఆ సినిమా చివర బాడికర్‌ను రోబోకాప్ చంపనే చంపాడు గదా, ఇంకా ఏమిటి నీ బాధ అని. నిజమే, చంపాడు. కాని అప్పటికి చట్టం బాడికర్‌ను వదిలేసింది. వాడు ఆయుధాలతో ముఠాను వేసుకుని మళ్ళీ చంపడానికి వచ్చాడు. రోబోకాప్ ఇనుప చెత్త కింద ఇరుక్కుని ఉండగా ఇనుప కమ్మీతో పొడిచాడు. అది ఇద్దరూ బతకలేని పోరు. ఆ తర్వాత అసలు శత్రువైన కంపెనీ అధికారి ముందు మాత్రం రోబోకాప్ మళ్ళీ ఆగిపోతాడు, నాలుగవ ఆదేశం కారణంగా. కంపెనీ పెద్దాయన ఆ అధికారిని ఉద్యోగంలోంచి తీసేస్తున్నానని నోటితో చెప్పేదాకా తుపాకి పేలదు. చెప్పగానే రోబోకాప్ మర్యాదగా కృతజ్ఞత చెప్పి మరీ కాలుస్తాడు! తుపాకి కంటె ముందు మాట నడవాలి. ఆ సినిమాలో ప్రతి తూటా వెనుకా ఒక నియమం పాటించడమో, తెంచుకోవడమో ఉంటుంది. ఆటలో ఒక మీట ఉంటుంది.

మీట ఎవరి చేతిలో ఉంది?

ఇంతదాకా వ్రాసి ఇక్కడితో ఆపితే, ఆట మీద నేను పూర్తి నేరం మోపినవాణ్ణి అవుతాను. కాని ఇంకొక సంగతి చెప్పాలి.

ఫేటాలిటీ చేసి తీరాలని ఆటలో నిర్బంధం లేదు. ఆజ్ఞ వినిపించాక మామూలు గుద్దు గుద్దినా పోరు ముగుస్తుంది. ఏమీ చేయకుండా నిలబడితే, కొన్ని క్షణాలకు ఓడినవాడు తనంతట తనే కూలిపోతాడు. అంతేకాదు. ఈ ఆటను చేసినవాళ్ళకు తమ మీద తాము నవ్వుకోవడం కూడా తెలుసు. హింస మీద గొడవ జరిగిన రోజుల్లోనే, 1993 నాటి రెండవ భాగంలో, ఫ్రెండ్‌షిప్ అనేదాన్ని పెట్టారు. శత్రువును చంపడానికి బదులు ఏదో ఒక తమాషా చేసి స్నేహం చాటడం. 2020లో రోబోకాప్ వచ్చిన సమయానికే దాన్ని మళ్ళీ తెచ్చారు. చివరి రౌండులో గెలిచినవాడు మెర్సీ అనేది చేస్తే ఓడినవాడికి కాస్త ప్రాణం తిరిగి వచ్చి పోరు మళ్ళీ సాగుతుంది. అలా ప్రాణం పోసినవాడే ఆపైన ఓడిపోయే ప్రమాదమూ ఉంది. దయకు ఖరీదు ఉండడం నాకు న్యాయంగానే తోచింది.

అంటే రోబోకాప్‌లోంచి తీసేసిన ఆ మూడవ ఆదేశం ఎక్కడికీ పోలేదు. దాన్ని పాత్ర చేతిలోంచి తీసి ఆడేవాడి చేతిలో పెట్టారు. సినిమా చూసేటప్పుడు మర్ఫీ చెయ్యి వదలడాన్ని మనం కూర్చుని చూస్తాం. ఆటలో వదలవలసింది మన బొటనవేలు. వదిలినందుకు ఆట చప్పట్లు కొట్టదు. చూస్తున్నవాళ్ళు 'ఏం రా, పిరికోడా!' అంటారు. ఎదురుగా ఉన్న ధగధగలన్నీ ఫేటాలిటీకే ఖర్చు పెట్టారు. అమ్మకమూ దాని పేరు మీదే. ఇంత దూరం తోస్తున్నా ఆగగలిగితే, ఆ కాసేపు ఆ ఇనుప బొమ్మలో నిజమైన రోబోకాప్ ఉన్నట్టే నాకనిపిస్తుంది.

అలాగని ఆట నిర్దోషి అని నేను తీర్పు చెప్పను. ఆ దృశ్యాలు గీసి పీడకలలు తెచ్చుకున్నవారి సంగతి నా బొటనవేలితో తీరేది కాదు. సినిమాలో మర్ఫీ ముఖాన్ని ఓసీపీ కంపెనీ తన సరుకుగా చేసుకున్నట్టే, ముప్పై మూడేళ్ళ తర్వాత ఇంకో కంపెనీ ఆ ముఖాన్ని 40 డాలర్ల సంచిలో పెట్టి అమ్మింది. వెర్‌హోవెన్ వెక్కిరించింది ఈ వ్యాపారాన్నే. కొన్నవాళ్ళలో ఎంతమందికి ఇది తట్టిందో!

సినిమా చివర పెద్దాయన అతని పేరు అడుగుతాడు. అతను నవ్వి, మర్ఫీ అంటాడు. ఆటలో యోధులను ఎంచుకునే తెర మీద ఉండే పేరు రోబోకాప్. ఆ ఒక్క పదానికి నాకున్న రెండు మనసులూ సరిపోతాయి. పరాయి యింట్లో మన మనిషి కనిపిస్తే పలకరించకుండా ఉండలేం. ఆ ఇంటివారి పద్ధతులు మనకు నచ్చకపోవచ్చు. అందుకని నేను ఈ ఆట అప్పుడప్పుడు ఆడుతూనే ఉంటాను, రోబోకాప్‌తోనే. ఆజ్ఞ వినిపించినప్పుడు మీటల మీంచి చేతులు తీసేస్తాను. మా గదిమిత్రుడు విసుక్కుంటాడు. కొన్ని క్షణాలు ఆగితే వాడి బొమ్మ తనంతట తనే కూలుతుంది. ఇంకో ఆట మొదలుపెడతాం.